మలుపు దగ్గర ఎవరున్నారు?

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నాకిచ్చిన అంశం "గొప్పవారి జీవితాలను మలుపు తిప్పిన సంఘటనలు". నాకే ఎందుకిచ్చారో ఊహించగలను. ముప్పై ఏళ్ళు పత్రికలో పనిచేశాను. ఆదివారం అనుబంధం కోసం ఎందరెందరినో కలిసి మాట్లాడించాను. డాక్టర్లు, రైతులు, హరికథలు చెప్పేవాళ్ళు, కలెక్టర్లు, కొబ్బరి వర్తకులు, ఒక గజ ఈతగాడు కూడా. ఎవరి దగ్గరికి వెళ్ళినా మా ఎడిటరుగారు తప్పకుండా అడిగి రమ్మనే ప్రశ్న ఒకటుండేది. "మీ జీవితాన్ని మలుపు తిప్పిన సంఘటన ఏదండీ?"

దానికి వచ్చే జవాబులూ ఇంచుమించు ఒక్కలాగే ఉండేవి. ఫలానా ఏడు సీటొచ్చింది. ఫలానా పరీక్షలో మొదటి ర్యాంకు వచ్చింది. ఫలానా రోజున విమానం ఎక్కాను. ఇవేవీ అబద్ధాలు కావు. కానీ అవి మలుపులు కావండి, మలుపు తిరిగాక దారిలో కనబడ్డ మైలురాళ్ళు. అసలు మలుపు అంతకు ముందెప్పుడో జరిగిపోయి ఉంటుంది. అది తెలియాలంటే ఏం జరిగిందని కాదు, అప్పుడు పక్కన ఎవరున్నారని అడగాలి. ఈ సంగతి నాకు నేర్పింది ఒక డాక్టరుగారు.

ఆయన కోనసీమలో పేరున్న వైద్యులు. గంటన్నర మాట్లాడారు. కాకినాడ రంగరాయ వైద్య కళాశాలలో సీటు వచ్చిన రోజే తన మలుపు అన్నారు. అదే రాసుకున్నాను. పుస్తకం మూసి, కాఫీ తాగి, గుమ్మం దిగుతుంటే వెనక నుంచి పిలిచారు. "ఒక్క మాటండీ. మాది లంక గ్రామం. హైస్కూలు అవతలి ఒడ్డున. రేవులో పడవ నడిపే ముసలాయన సాయంత్రం ఆఖరి బల్లకట్టు వెళ్ళిపోయాక కూడా మా నలుగురు పిల్లల కోసం చీకటి పడేదాకా కాచుకుని ఉండేవాడు. మూడేళ్ళలో ఒక్క పైసా పుచ్చుకోలేదు. ఆయన ఒక నెల రోజులు విసుక్కుని ఉంటే మా నాన్న నన్ను బడి మానిపించేసేవాడు." ఆయన పేరేమిటండీ అని అడిగాను. డాక్టరుగారు చాలాసేపు ఆలోచించారు. "పడవ తాత అనేవాళ్ళం. పేరు తెలీదు" అన్నారు.

ఆ రోజు నుంచి నా ప్రశ్న మార్చుకున్నాను. కొత్త ప్రశ్నకు జనం వెంటనే జవాబు చెప్పలేకపోయేవారు. తడుముకునేవారు. తడుముకుంటూ చెప్పిన జవాబులోనే నిజం ఉండేది.

ఈ కొలతతో మన గోదావరి గడ్డ మీద నడిచిన నలుగురైదుగురి జీవితాలు చూద్దాం. అందరూ మీకు తెలిసినవాళ్ళే. పక్కనున్నవాళ్ళే మనకు అంతగా తెలియదు.

ముందు రాజమహేంద్రవరం. కందుకూరి వీరేశలింగం పంతులుగారు ధవళేశ్వరంలో ఉపాధ్యాయుడిగా ఉంటూనే 1874లో "వివేకవర్ధని" పత్రిక పెట్టారు, ఆడపిల్లలకు బడి పెట్టారు. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో తొలి వితంతు వివాహం జరిపించారు. ఇంతవరకూ మన పాఠ్యపుస్తకాల్లో ఉంది. పెళ్ళి జరిపించాక ఇంట్లో ఏం జరిగిందో ఆలోచించండి. వెలి వేశారు. పురోహితుడు రాడు, వంటవాడు రాడు, నీళ్ళు మోసేవాడు రాడు. ఇల్లంతా కొత్త దంపతులు, వచ్చిపోయే మిత్రులు, ఆశ్రయం కోరి వచ్చిన ఆడపిల్లలు. వాళ్ళందరికీ గోదావరి నుంచి బిందెలతో నీళ్ళు మోసి, వంట చేసి పెట్టింది రాజ్యలక్ష్మమ్మగారు. పంతులుగారి సంస్కరణ ఉపన్యాసంలో మొదలై ఉండవచ్చు. అది నిలబడింది ఆవిడ చంకలోని బిందె మీద. మర్నాడు పొద్దున్న ఆవిడ "నా వల్ల కాదు" అని ఉంటే ఆ ఉద్యమం ఎన్ని రోజులు నడిచేదో మీరే చెప్పండి.

ఆ ఊళ్ళోనే పెరిగిన మరొకరు టంగుటూరి ప్రకాశం పంతులుగారు. పుట్టింది మాత్రం ఒంగోలు ప్రాంతంలో, వినోదరాయునిపాలెంలో, 1872లో. చిన్నతనంలోనే తండ్రి పోతే, తల్లి సుబ్బమ్మగారు ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు నడిపి పిల్లలను పెంచారు. పరీక్ష ఫీజు మూడు రూపాయలకు దారి లేకపోతే తన పట్టుచీర తాకట్టు పెట్టి కట్టారు. ఆ ఊళ్ళో మిషన్ స్కూలు మాస్టారు ఒకాయన ఉండేవారు, ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారని. నాటకాలంటే ప్రాణం. ప్రకాశంగారికి చదువూ వచ్చు, వేషాలూ వచ్చు, అల్లరీ వచ్చు. అల్లరి ముదిరి చేయి జారిపోవలసిన కుర్రాణ్ణి, నాయుడుగారు ఒంగోలు వదిలి రాజమండ్రికి మకాం మార్చినప్పుడు తనతో తీసుకొచ్చేశారు. బదిలీ మీద వెళ్ళే మాస్టారు సామానుతో పాటు శిష్యుణ్ణి కూడా బండెక్కించుకోవడం మనం ఎక్కడైనా చూశామా?

రాజమండ్రిలో ప్రకాశంగారు చదువుకున్నారు, ప్లీడరయ్యారు, మునిసిపల్ చైర్మన్ అయ్యారు. తరవాత ఇంగ్లండు వెళ్ళి బారిస్టరయ్యారు. 1928లో మద్రాసులో సైమన్ కమిషన్‌ను నిరసిస్తూ తుపాకులకు ఎదురు నిలిచారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి అయ్యారు. ఆయన ఆత్మకథ "నా జీవిత యాత్ర" చదవండి. నాయుడుగారిని ఎంత ప్రేమగా తలుచుకున్నారో చూడండి. తన పక్కనున్న మనిషి పేరు మరిచిపోకుండా రాసిపెట్టారు కాబట్టే ఈవేళ నేను మీకు ఆ పేరు చెప్పగలుగుతున్నాను. పడవ తాతకు ఆ అదృష్టం లేదు.

అదే రాజమండ్రిలో ప్రభుత్వ ఆర్ట్స్ కళాశాలకు ఆస్వాల్డ్ కూల్డ్రే అనే ఆంగ్లేయుడు ప్రిన్సిపాలుగా ఉండేవారు. తాను కవి, చిత్రకారుడు. పాఠం వినకుండా బొమ్మలు గీసే పిల్లవాణ్ణి బెంచీ ఎక్కించడం ఆనాటి ఆచారం, ఈనాటిది కూడా. కూల్డ్రే దొరగారు ఆ బొమ్మను చేతిలోకి తీసుకుని చూశారు. ఆ పిల్లవాడు దామెర్ల రామారావు. 1897లో రాజమండ్రిలో పుట్టారు. దొరగారి ప్రోత్సాహంతో 1916లో బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చేరారు. తిరిగి వచ్చి రాజమండ్రిలో చిత్రకళాశాల పెట్టారు. ఆంధ్రులకంటూ ఒక చిత్రకళా సంప్రదాయానికి పునాది వేశారు. అడివి బాపిరాజుగారు కూడా కూల్డ్రే శిష్యులే.

రామారావుగారు 1925లో మశూచి సోకి ఇరవై ఎనిమిదేళ్ళు నిండకుండానే పోయారు. బొంబాయిలో చేరిన నాటి నుంచి లెక్క వేస్తే చేతిలో ఉన్నది తొమ్మిదేళ్ళు. ఆ బొమ్మలు రాజమండ్రిలో ఆయన పేరు మీదున్న చిత్రశాలలో ఈనాటికీ ఉన్నాయి. చూడనివాళ్ళు ఈ ప్రయాణంలోనే చూసి వెళ్ళండి. దీనిలో మాస్టార్లకు ఒక హెచ్చరిక ఉందనిపిస్తుంది నాకు. "వచ్చే ఏడు చూద్దాంలే" అని కూల్డ్రే దొరగారు అనుకుని ఉంటే, ఆ ఒక్క ఏడూ తొమ్మిదింటిలో ఒకటి తగ్గిపోయి ఉండేది.

ఇప్పుడు భీమవరం. యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895లో అక్కడ పుట్టారు. ఈయన కథ పిల్లలకు చెప్పేటప్పుడు మనం తిన్నగా అమెరికా నుంచి మొదలుపెడతాం. అక్కడికి వెళ్ళేలోపల ఎన్ని తలుపులు మూసుకున్నాయో చూడండి. పదమూడో ఏట ఇంట్లోంచి పారిపోయారు, కాశీ వెళ్ళి యాత్రికులకు అరటిపళ్ళు అమ్మి డబ్బు గడిద్దామని. పట్టుకుని వెనక్కి తెచ్చారు. మెట్రిక్ గట్టెక్కింది మూడోసారి. మద్రాసు వైద్య కళాశాలలో చదువుతుండగా గాంధీగారి పిలుపు విని ఖద్దరు కట్టారు, శస్త్రచికిత్స గదిలో కూడా ఖద్దరే. ప్రొఫెసరుగారికి కోపం వచ్చింది. ఎం.బి.బి.ఎస్. రావలసిన మనిషికి ఎల్.ఎం.ఎస్. చేతిలో పెట్టారు. దానితో ప్రభుత్వ వైద్య ఉద్యోగం ఆశ పోయి, మద్రాసు ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం చెప్పుకుంటూ ఉండిపోయారు.

ఈలోగా ఇద్దరు సోదరులు స్ప్రూ జబ్బుతో పోయారు. తిన్నది ఒంటికి పట్టక, విరేచనాలతో, రక్తం తగ్గిపోయి మనిషి కృశించిపోయే జబ్బు అది. ఆనాడు దానికి మందు లేదు. సాధారణంగా ఇంటర్వ్యూ చేసేవాడు ఇక్కడ కలం ఎత్తి "ఇదే మలుపు" అని రాసుకుంటాడు. అన్నదమ్ముల చావు చూసి మందు కనిపెట్టాలన్న పట్టుదల పుట్టింది, సరే. ఆ పట్టుదల ఒక్కటే ఓడ టిక్కెట్టు కొంటుందా?

టిక్కెట్టు వెనక ఇద్దరున్నారు. ఒకరు ఆయన మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తిగారు. వైద్య విద్యకూ ఆయనే సాయం చేశారు. రెండోవారు కాకినాడ మల్లాడి సత్యలింగం నాయకర్‌గారు. రంగూనులో వ్యాపారం చేసి గడించిన ఆస్తిని చదువులకూ ధర్మకార్యాలకూ రాసి పోయిన మహానుభావుడు. సుబ్బారావుగారు 1922 అక్టోబరులో బోస్టన్‌లో దిగేనాటికి ఆయన బతికి లేరు. ఇచ్చినవారు తీసుకున్నవారి మొహం చూడలేదు. ఆ సంస్థ సాయం, మామగారి సాయం కలిసి ఓడ ఎక్కించాయి. అక్కడ దిగాక హార్వర్డులో చదువుకుంటూ, ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్రాలు ఎత్తే పనిచేసి పొట్ట పోసుకున్నారు.

తరవాతి కథ మీకు తెలుసు. శరీరంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో ప్రకటించారు. ఈనాటికీ అది వాళ్ళిద్దరి పేరుతోనే ఉంది. కండరాలకు శక్తినిచ్చే ఏ.టి.పి. మీద పనిచేశారు. 1940లో లెడర్లీ ప్రయోగశాలలకు వెళ్ళి, అక్కడి పరిశోధక బృందంతో ఫోలిక్ ఆమ్లాన్ని తయారు చేయించారు. అదే స్ప్రూకి మందు. అన్నదమ్ములు పోయిన పాతికేళ్ళకు ఆ జబ్బు కథ ముగిసింది. అదే ప్రయోగశాల నుంచి వచ్చిన మందులతో పిల్లల రక్తక్యాన్సరుకు తొలిసారిగా చికిత్స మొదలైంది. ఇంకొకటి మన డెల్టాకు బాగా దగ్గరి సంగతి. బోదకాలు. మన కాలవగట్ల మీద బోదకాలుతో ఈడ్చుకుంటూ నడిచే పెద్దవాళ్ళను ఎరగనివారు ఈ సభలో ఉండరు. ఆ వ్యాధికి ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వచ్చి మింగించే డి.ఇ.సి. మాత్ర ఉంది చూశారూ, అది హెట్రజాన్ పేరుతో సుబ్బారావుగారి బృందం తెచ్చిన మందే. భీమవరం నుంచి వెళ్ళిన మనిషి పని తిరిగి తిరిగి భీమవరం గడప తొక్కింది.

మనిషి మాత్రం తిరిగి రాలేదు. 1948 ఆగస్టులో న్యూయార్కులో పోయారు. ఇక్కడ భార్య శేషగిరిగారు ఉండిపోయారు. 1922లో ఓడ ఎక్కిన భర్తను ఆవిడ మళ్ళీ చూడలేదు. పుట్టిన బిడ్డ పసితనంలోనే పోయాడు. ఒక గొప్ప జీవితం మలుపు తిరిగినప్పుడు ఆ బండి చక్రం ఎవరి మీద నుంచి వెళ్ళిందో కూడా రాసుకోవాలి. పత్రికల వాళ్ళం మేం రాయలేదు. శేషగిరిగారి ఇంటి తలుపు తట్టి, మీ జీవితం ఎక్కడ మలుపు తిరిగిందమ్మా అని అడగవలసింది.

డెల్టా బిడ్డలం కాబట్టి నీళ్ళ భాషలో చెబుతాను. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852కు పూర్తయింది. అంతకు ముందు కరువులతో, వరదలతో ఈ నేల ఖాళీ అవుతూ ఉండేది. కాటన్ దొరగారికి ఊరూరా విగ్రహం పెట్టుకున్నాం, పెట్టుకోవలసిందే. ఇసుకలో పునాది వేసే కిటుకు తాను కావేరి మీది పాత ఆనకట్ట కట్టిన తమిళనాటి వాళ్ళ దగ్గర నేర్చుకున్నానని ఆ దొరగారే ఒప్పుకున్నారు. పనివాళ్ళను కూర్చి, పని నడిపించినవారు వీణెం వీరన్నగారు. ఆ పేరు ఎంతమందికి తెలుసు? ఇక ప్రతి ఏడూ జూన్‌లో కాలవకు నీరు వదిలినప్పుడు తూము తలుపు ఎత్తే లస్కరు పేరు అసలే తెలీదు. అతను వేళకు తలుపు ఎత్తకపోతే ఏ చేలో ఊడ్పు పడదు. పంట రైతుది, పేరు దొరది, చేతికి కాయ లస్కరుది.

కాలవకు ఇంకో సంగతి కూడా ఉంది. శివారు భూములు. ఎగువనున్న చేలకు ముందు నీరందుతుంది. శివారుకు వచ్చేసరికి మిగిలితే మిగిలినట్టు, లేకపోతే లేదు. గొప్పవారి మలుపుల గురించి మాట్లాడుకునే మనం, నీరందని శివారు గురించి కూడా ఒక్క నిమిషం మాట్లాడుకోవాలి.

ఒకసారి ఒక ప్రధానోపాధ్యాయురాలిని ఇంటర్వ్యూ చేశాను. పేరు చెప్పను, ఆవిడకు ఇష్టం ఉండదు. తొమ్మిదో తరగతిలో ఉండగా పెళ్ళి కుదిరింది. ముహూర్తం పరీక్షలకు ముందే. లెక్కల మాస్టారు సైకిలు మీద ఇంటికి వచ్చారు. వాళ్ళ నాన్నకు ఉపన్యాసం ఇవ్వలేదు, చట్టం చెప్పలేదు. మజ్జిగ పుచ్చుకుని, "పరీక్షలయ్యాక పెట్టుకోండి ముహూర్తం, ఇంత ఖర్చు పెట్టి ఫీజు కట్టారు కదా" అన్నారు. పది నిమిషాలు కూర్చుని వెళ్ళిపోయారు. ముహూర్తం రెండు నెలలు వెనక్కి జరిగింది. ఈలోగా ఆ అమ్మాయి బడికి మొదటొచ్చింది. నాన్న మనసు తానే మారింది. మాస్టారు చేసిందల్లా రెండు నెలల గడువు సంపాదించి పెట్టడం.

ఇంటర్వ్యూ అయ్యాక ఆవిడ అన్నారు, "నా బెంచీలో నా పక్కన ఇంకో అమ్మాయి కూర్చునేది. నాకంటే బాగా చదివేది. దాన్ని కూడా అడగండి" అని. వెతుక్కుంటూ వెళ్ళాను. పక్క మండలంలో ఉన్నారు. కొబ్బరి పీచు పనికి వెళ్ళి వచ్చి, కాళ్ళు కడుక్కుని కూర్చున్నారు. నేను వచ్చిన పని చెప్పాను. ఆవిడ నవ్వి, "దాని ఇంటికి మాస్టారు వెళ్ళారండి. మా ఇల్లు ఊరి చివర. మా ఇంటికి ఎవరూ రాలేదు. అంతేనండి" అన్నారు. కోపం లేదు, ఏడుపు లేదు. వాతావరణం సంగతి చెప్పినట్టు చెప్పారు. ఆ మాస్టారిని తప్పుపట్టడానికి ఇది చెప్పడం లేదు. ఒక్క మనిషి, ఒక్క సైకిలు, ఎన్ని ఇళ్ళకని వెళ్తారు? కానీ ఆ రెండు జీవితాల మధ్య తేడా తెలివితేటలు కాదు, పట్టుదల కాదు. పది నిమిషాలు, ఒక గ్లాసు మజ్జిగ. పత్రికలో మొదటి ఇంటర్వ్యూ వచ్చింది. రెండోది చోటు చాలక పడలేదు.

అందుకని సంఘానికి మూడు మాటలు మనవి చేసుకుంటాను.

ఒకటి. ఈ ఏడు స్వర్ణోత్సవ కార్యక్రమాల్లో భాగంగా మన బడి మనుషుల మాటలు రికార్డు చేయండి. ఇప్పుడు ప్రతివారి జేబులోనూ సెల్‌ఫోనుంది, పెద్ద ఖర్చు లేదు. మాస్టార్లతో మొదలుపెట్టండి. మాస్టార్లతో ఆగకండి. గంట కొట్టినాయన, నీళ్ళ కుండ నింపినావిడ, హాస్టల్లో వండి పెట్టినాయన, వీళ్ళను అడగండి. "మీ విజయ రహస్యం ఏమిటి" అని అడగవద్దు. "ఏ పిల్లవాడి కోసం ఏం చేశారో ఒక్కటి గుర్తు చేసుకోండి" అనండి. మొదట ఏమీ లేదంటారు. కాసేపు కూర్చోండి. కాఫీ అయ్యాక, గుమ్మం దగ్గర చెబుతారు. రికార్డరు మాత్రం అప్పటిదాకా ఆపకండి.

రెండు. ఆఫీసు గదిలో బీరువాలో అడ్మిషన్ల రిజిస్టర్లు ఉన్నాయి. దాంట్లో బడి వదిలిన తేదీ, కారణం రాసే గడులుంటాయి. మన సంఘం జాబితాలో ఉన్నది పదో తరగతి దాటినవాళ్ళం. ఏడులోనో ఎనిమిదిలోనో ఆగిపోయినవాళ్ళు కూడా ఈ బడి పూర్వ విద్యార్థులే. వాళ్ళకు ఆహ్వానపత్రిక పంపామా? వచ్చే సభకు పంపుదాం. వాళ్ళ కథ కూడా వినిపించుకుందాం. అక్కడ ఏ తలుపు తెరుచుకోలేదో తెలిస్తే, ఈనాటి పిల్లలకు ఏ తలుపు తెరవాలో మనకు తెలుస్తుంది.

మూడు. సంఘం నిధితో ఆర్చీ కట్టాలని ఒక ప్రతిపాదన ఉందని విన్నాను. కట్టండి, వద్దనను. కానీ అందులో కొంత విడిగా తీసిపెట్టండి. పరీక్ష ఫీజు, కళ్ళజోడు, బస్సు పాసు, నెల రోజుల హాస్టలు బిల్లు, ఇంతటి చిన్నవాటికి. అడిగిన వారంలో అందేలాగా, పిల్లవాడు నలుగురి ముందు చేయి చాపక్కర్లేకుండా, ప్రధానోపాధ్యాయుడి చేతిలో పెట్టండి. సుబ్బమ్మగారి పట్టుచీర తాకట్టు పడింది మూడు రూపాయలకే. మలుపుల ధర ఎప్పుడూ పెద్దది కాదు. వేళకు అందడమే కష్టం.

ఇక్కడ కూర్చున్న యువ ఉపాధ్యాయులకు ఒక్క మాట. మీలో ఎవరు ఏ పిల్లకు మలుపో మీకు తెలియదు. తెలిసే అవకాశం కూడా తక్కువ. ఇరవై ఏళ్ళకు ఆ పిల్ల ఎక్కడో ఇంటర్వ్యూలో మీ పేరు మరిచిపోయి, "ఎవరో మాస్టారు" అంటుంది. అయినా వెళ్ళండి. ఊరి చివర ఇంటికి ముందు వెళ్ళండి.

సభ అయ్యాక భోజనాలున్నాయి. పంక్తిలో పక్కనున్నవారిని నా ప్రశ్న అడగండి. మలుపు దగ్గర మీ పక్కన ఎవరున్నారండీ అని. పేరు చెబితే రాసుకుని సంఘం కార్యదర్శిగారికి ఇవ్వండి. వచ్చే సంచికకు అంతకంటే మంచి సరుకు దొరకదు.